పెరటి గుడ్డుకు ఏ పెట్ట?

మా నాయనమ్మ పెరట్లో ఎప్పుడు చూసినా ఏడెనిమిది పెట్టలు తిరుగుతుండేవి. అయినా ఇంట్లో గుడ్డు పులుసు కాగిన రోజులు చాలా తక్కువ. పెట్టిన గుడ్లలో మంచివి ఏరి, బియ్యం పోసిన బుట్టలో దాచి, పెట్ట పొదుగుకొచ్చాక దాని కిందికే చేర్చేది. కొత్త పెట్టల చిన్న గుడ్లూ, పొరపాటున పగిలినవీ మా కంచాల్లోకి వచ్చేవి. ఆవిడ పిసినారితనం కాదది. నాటు పెట్ట బతుకు నడిచే తీరే అంత.

నాటు పెట్ట ఒక విడతకు 12 నుంచి 15 గుడ్లు పెడుతుంది. ఆపైన పెట్టడం మానేసి గూట్లో కూర్చుంటుంది. 21 రోజులు పొదుగు. పిల్లలు దిగాక రెండు మూడు నెలలు వాటిని వెంటేసుకుని తిరుగుతుంది, నేల గీరి మేత చూపిస్తుంది, గద్ద నీడ పడితే రెక్కల కింద దాచుకుంటుంది. పిల్లలను వదిలించుకున్నాక కొన్నాళ్లకు మళ్లీ విడత మొదలు. ఇలా ఏడాదిలో మూడు నాలుగు విడతలకు మించి కాలం చాలదు. ఏడాదికి 50, 60 గుడ్లన్న లెక్క అక్కడి నుంచి వచ్చింది. పెట్టకు బలం లేకపోవడం వల్ల కాదు, ఏడాదిలో ఎక్కువ భాగం తల్లిపనికే పోవడం వల్ల.

హాచరీలు ఈ లెక్కలోంచి తల్లిపనిని తీసేశాయి. పొదిగే పని యంత్రానికి అప్పగించి, పొదుగుకు రాని పెట్టలనే తరతరాలుగా ఏరుకుంటూ వచ్చాయి. వైట్ లెగ్‌హార్న్ పొదుగుకు కూర్చోదు. అందుకే ఆ రక్తంతో తయారైన లేయర్ ఏడాదికి 300 దాటి పెడుతుంది. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. పెరట్లో గుడ్ల కోసం హాచరీ పిల్లలు కొనాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న "ఏది ఎక్కువ పెడుతుంది?" అని. దానికంటే ముందు అడగాల్సింది, ఆ పెట్ట మానేసిన పనులన్నీ మన ఇంట్లో ఎవరు చేస్తారని. పిల్లలకు వెచ్చదనం ఎవరిస్తారు, మేత ఎవరు వెతుకుతారు, గద్ద నుంచి ఎవరు కాస్తారు, ముసలి పెట్ట స్థానంలోకి కొత్తది ఎక్కడి నుంచి వస్తుంది? మార్కెట్లో దొరికే రకాలను ఈ ప్రశ్నలతో చూస్తే చాలా సంగతులు వాటంతటవే తేలిపోతాయి.

ముందు అవసరం ఎంతో చూద్దాం. మనిషికి ఏడాదికి 180 గుడ్లు, అంటే రోజు విడిచి రోజు ఒకటి తినాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పేరుతో మనం చాలాకాలంగా వింటున్న లెక్క. నలుగురున్న ఇంటికి 720 గుడ్లు. ఇవి ఫారం లేయర్లయితే మూడు పెట్టలు చాలు. పెరటి కోసం తయారుచేసిన గ్రామప్రియ లాంటివైతే నాలుగైదు. పొదుగుకు ఒక్క గుడ్డు కూడా వదలకుండా తిన్నా నాటు పెట్టలైతే పదమూడు కావాలి. చాలామంది ఉత్సాహంగా యాభై పిల్లలు తెచ్చేస్తారు. పెరట్లో దొరికే పురుగూ పుట్రా, గింజా గరికా, వంటింటి మిగులూ కలిపి పది నుంచి ఇరవై కోళ్లకే సరిపోతాయి. ఆపైన పెంచే ప్రతి కోడికీ దాణా కొనాల్సిందే. అప్పుడది పెరటి కోడి కాదు, చిన్న ఫారం.

ఇక రకాలు. మూడు లేయర్లతో పని అయిపోతుందంటే అవే తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. మన దేశంలో లేయర్ పరిశ్రమ పెరిగిన కథకు హైదరాబాద్‌తో గట్టి ముడి ఉంది. బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హాచరీస్ మొదలుపెట్టింది ఇక్కడే. ఆ సంస్థ బీవీ-300 ఇవాళ మన ఫారాల్లో ఎక్కువగా కనిపించే లేయర్. కిలోన్నర బరువుండే ఆ చిన్న ప్రాణి రోజుకు ఇంచుమించు 110 గ్రాముల దాణా తిని దాదాపు రోజుకో గుడ్డు ఇస్తుంది. అది అద్భుతమే, సందేహం లేదు. కానీ ఆ అద్భుతం ఆ 110 గ్రాముల మీద నిలబడి ఉంది. మూడు పెట్టలకు ఏడాదికి 120 కిలోలు. అదీ నూకలూ తవుడూ కాదు, 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు, మూడున్నర శాతం దాకా కాల్షియం ఉన్న లేయర్ దాణా. ఒక గుడ్డు పెంకులో 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిండిలో అందకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. నూకలు చల్లి వదిలేసిన లేయర్ కొన్ని వారాలు బాగానే పెడుతుంది, ఆ తర్వాత తోలుగుడ్లు పెడుతుంది, ఒకరోజు కాళ్లు నిలవక కూలబడిపోతుంది. అది మాయరోగం కాదు, ఆకలి.

తెల్ల ఈకలు గద్దకు దూరం నుంచే కనిపిస్తాయి. తప్పించుకునే అలవాటు వాటికి తక్కువ. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఊళ్లలో, నీడ సరిగా లేని పెరట్లో, ఎంత పెట్టే పెట్టయినా రొప్పుతూ గుడ్లు తగ్గించేస్తుంది. జాలీ గూడు కట్టి, దాణా కొని, మూడు నాలుగు లేయర్లను మేడ మీద పెంచుకునే పట్నం ఇంటికి అవి చక్కగా పనికొస్తాయి. వదిలి మేపే పల్లె పెరటికి మాత్రం నేను వాటిని సిఫారసు చెయ్యను.

72, 80 వారాలు నిండి ఫారం నుంచి బయటికొచ్చే పాత లేయర్లు చవగ్గా దొరుకుతాయి. కొందరు వాటిని తెచ్చి పెరట్లో వదులుతుంటారు. కొన్నాళ్లు గుడ్లు పెడతాయి కూడా. కానీ ముక్కు కత్తిరించి ఉండడంతో నేల గీరి ఏరుకోవడం వాటికి రాదు. పైగా వేల కోళ్ల మధ్య నుంచి వచ్చిన పెట్ట ఏ తెగులు మోసుకొస్తుందో తెలియదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఫారాలతోపాటు చుట్టుపక్కల పెరళ్లూ భయంలో పడ్డాయి. పెరట్లో ఇప్పటికే కోళ్లుంటే ఈ చవక బేరం జోలికి పోకపోవడం మంచిది.

ఈ సమస్యలన్నీ ఎరిగే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కొందరు శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. 1988లో అక్కడ మొదలై, ఇప్పుడు భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా ఉన్న సంస్థ నుంచి వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి వచ్చాయి. హైదరాబాద్ పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి రాజశ్రీ వచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం గిరిరాజను ఇచ్చింది. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒకటే. రంగు ఈకలుండాలి, నేలలో కలిసిపోవాలి. కాళ్లు పొడుగుండాలి, కుక్క వెంటపడితే ఉరకగలగాలి. పెరటి తిండితో, పైన చారెడు గింజతో బతకాలి. గుడ్లు మాత్రం నాటు పెట్ట కంటే రెండు మూడింతలు రావాలి. మన ఊళ్లో మన అవసరం చూసి చేసిన పని ఇది. దీనికి రావాల్సినంత పేరు రాలేదనే నా బాధ. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లలో దాదాపు 32 కోట్లు పెరటివి. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే పెరటి కోళ్లు 46 శాతం దాకా పెరిగాయి. ఆ పెరుగుదలలో ఈ రకాల పాలు చిన్నది కాదని నా నమ్మకం.

అయితే వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే ఎక్కువమంది పొరపడుతున్నారు. వనరాజ ప్రధానంగా మాంసానికీ గుడ్లకూ కలిపి చేసిన రకం. పుంజులు త్వరగా బరువెక్కుతాయి, చూడ్డానికి ఠీవిగా ఉంటాయి. పెట్ట పెరట్లో 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియను గుడ్ల కోసమే రూపొందించారు. ఒళ్లు తేలిక, గుడ్లు పెరట్లో 160 నుంచి 180, ఒక్కోటి 57 నుంచి 60 గ్రాములు, పెంకు లేత గోధుమ రంగు. శ్రీనిధి రెంటికీ మధ్యలో ఉంటుంది, 140 నుంచి 150. అమ్మేవాళ్లు మాత్రం రంగున్న ప్రతి పిల్లనూ "వనరాజా" అనే అంటారు, కొనేవాళ్లూ ఆ పేరుతోనే అడుగుతారు. గుడ్లు కావాలని వనరాజ తెచ్చుకుని, గుడ్లు తక్కువని దాన్ని తిట్టుకునే ఇళ్లు నేను చాలా చూశాను. అది చేస్తానని ఎప్పుడూ ఒప్పుకోని పనికి దాన్ని పెట్టడం న్యాయం కాదు.

వనరాజతో ఇంకో ముఖ్య విషయం. పిల్ల వయసులో, మొదటి ఆరు వారాలు, దాన్ని కడుపునిండా మేపాలి. తర్వాత చెయ్యి బిగబట్టాలి. కన్నె పెట్ట ఆబగా తిని కొవ్వెక్కితే గుడ్లు తగ్గిపోతాయి. ఆరు నెలలకు పెట్ట రెండు, రెండున్నర కిలోలు దాటకుండా చూసుకోవాలి. మన ఇళ్లలో ముద్దు చేసి తినిపించే కోడే ముందు పొదుపుగా పెట్టడం మొదలుపెడుతుంది. గ్రామప్రియకు ఈ బెడద తక్కువ.

కరపత్రాల్లో రాసే అంకెలను చదవడంలోనూ ఒక చిక్కుంది. 160, 180 అన్నవి సాధారణంగా 72 వారాల వయసు దాకా వచ్చే గుడ్లు. గ్రామప్రియ తొలి గుడ్డు అయిదున్నర నెలలకు గానీ పెట్టదు, వనరాజకు ఆరు నెలలు పడుతుంది. అంటే పిల్లను తెచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఆ గుడ్లు పదహారున్నర నెలల ఫలితం. మొదటి అయిదారు నెలలు ఖర్చే తప్ప రాబడి లేదు. రెండు మూడు నెలలకే "ఇంకా పెట్టడం లేదేమిటి" అని అమ్మేసుకునేవారిని చూస్తే జాలేస్తుంది. అదీగాక ఆ అంకె చేరాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉండాలి. మన దగ్గర డిసెంబరులో పగలు 11 గంటలే. చలికాలంలో గుడ్లు తగ్గితే మందుల కోసం పరుగెత్తక్కర్లేదు. గూట్లో తెల్లవారుజామున ఒక చిన్న బల్బు వెలిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ఇక మేలుజాతి నాటు కోళ్ల సంగతి. తెలుగు నేలకు ఈ విషయంలో చాలా సంపద ఉంది. అసీల్ ఉంది. చిత్తూరు, నెల్లూరు, కడప వైపు కాళస్తి ఉంది. కర్ణాటక సరిహద్దున ఘాగస్, శ్రీకాకుళం, విజయనగరం వైపు డంకి ఉన్నాయి. ఇవన్నీ దేశం గుర్తించిన జాతులు. డేగ, కాకి, నెమలి, సేతు అంటూ రంగును బట్టి పుంజుకు పేరు పెట్టే మన భాషే ఈ కోళ్లతో మన సావాసం ఎంత పాతదో చెబుతుంది. కానీ అసీల్‌ను తరతరాలుగా ఏరింది గుడ్ల కోసం కాదు, కాలి బలం కోసం, మొండి ధైర్యం కోసం. ఏడాదికి ముప్ఫై, నలభై గుడ్లిచ్చే పెట్టను గుడ్ల కోసం తెచ్చుకోవడం తెలివైన పని కాదు. అయితే ఆ పెట్ట లాంటి తల్లి మరొకటి లేదు. ఆ మాట చివర్లో మళ్లీ చెప్పాలి.

ఈ పదేళ్లలో కడక్‌నాథ్ మోజు కూడా బాగా పెరిగింది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి అది, దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసం నల్లగా ఉంటుంది గానీ గుడ్డు నల్లగా ఉండదు, లేత గోధుమ రంగే. నల్ల గుడ్లని నమ్మి డబ్బు పెట్టినవాళ్లున్నారు. అది పొదుగుకూ సరిగా కూర్చోదు. గుడ్ల లెక్కలోనూ, తల్లిపని లెక్కలోనూ అది పెరటికి మేలైన ఎంపిక కాదు. ఆ జాతిని కాపాడాలన్న శ్రద్ధతో పెంచేవాళ్ల సంగతి వేరు.

రంగు మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. గోధుమ రంగు పెంకు నాటుదనానికి గుర్తని మన బజార్లో గట్టి నమ్మకం, దానికి తగ్గ ధర కూడా. పెంకు రంగు పెట్ట జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. పచ్చసొన ముదురు రంగు మాత్రం తిండిని బట్టి వస్తుంది. ఆకులూ గడ్డీ మొక్కజొన్నా తిన్న ఏ పెట్టకైనా సొన పసుపెక్కుతుంది. మునగాకు, తోటకూర కాడలు, అజొల్లా వేస్తే తెల్ల లెగ్‌హార్న్ సొన కూడా నాటు గుడ్డులాగే కనిపిస్తుంది.

కొనే చోటా, కొనే వయసూ రకమంత ముఖ్యం. ఒకసారి మా వీధిలోకి వచ్చిన బండి దగ్గర "గ్రామప్రియ" అని ఇరవై పిల్లలు కొన్నాను. మూడు నెలలకు వాటిలో పన్నెండు పుంజులని తేలింది. మిగిలిన వాటిలో రెండు ఏ రకమో ఇప్పటికీ తెలియదు. ఒకటి నాలుగో నెలలో ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాచి పడిపోయింది. మారెక్స్ అని అప్పుడే తెలిసింది. ఆ తెగులు టీకా గుడ్డులోంచి బయటికొచ్చిన మొదటి రోజే హాచరీలో వెయ్యాలి. ఇంటికొచ్చాక వేసేది కాదు. హాచరీని ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట అడిగేది ఇప్పుడు అదే: మారెక్స్ వేశారా? సమాధానం తడబడితే అక్కడ కొనను. సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే పిల్లలు చాలావరకు లేయర్ హాచరీలు వద్దనుకున్న పుంజు పిల్లలు. పిల్లలకు ముచ్చటగా ఉంటాయని కొనేవాళ్లు వాటి నుంచి గుడ్లు ఆశించకూడదు.

పెరటి రకాల పిల్లలను చాలాచోట్ల పుంజూ పెట్టా విడదీయకుండానే ఇస్తారు. కాబట్టి అయిదు పెట్టలు కావాలంటే పన్నెండు పిల్లలు తెచ్చుకోవాలి. పుంజులు నాలుగో నెలకు కూరకు వస్తాయి, ఆ ఖర్చు వాటితోనే కొంత తీరుతుంది. గుడ్లకు పుంజు అక్కర్లేదు, పెట్ట దాని పాటికది పెడుతుంది. పొదగెయ్యడానికైతేనే పుంజు కావాలి.

ఒకరోజు పిల్లను కొనాలా, నెల పిల్లనా అన్నది ఇంకో వాదం. ఒకరోజు పిల్ల చవక. కానీ మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలి, వారం వారం మూడు డిగ్రీల దాకా తగ్గించుకుంటూ పోవాలి. పిల్లలు బల్బు కింద గుట్టపడితే చలి, గోడలకు అంటుకుంటే వేడి, సమంగా పరుచుకుని పడుకుంటే సరిపోయిందని అర్థం. ఏడో రోజుకు కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు, రెండో వారం చివర గంబోరో, నాలుగైదు వారాలకు మళ్లీ లసోటా, ఆరో వారం మశూచి టీకా, తొమ్మిదో వారం కొక్కెర తెగులుకే ఆర్2బీ. ఇవి వందల డోసుల సీసాల్లో వస్తాయి, కలిపిన కాసేపట్లోనే వాడెయ్యాలి. పది పిల్లలున్న ఇంటికి ఇది గిట్టదు, అందుకే చాలామంది టీకా మానేస్తారు. అక్కడే కోళ్లు పోతాయి. వీధిలో పదిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది. అది కుదరకపోతే నాలుగైదు వారాలు పెంచి, టీకాలేసి ఇచ్చే మదర్ యూనిట్ల నుంచి కాస్త ఎక్కువ ధర పెట్టి కొనడమే లాభం. కృషి విజ్ఞాన కేంద్రంలోనో, మండల పశువైద్యశాలలోనో అడిగితే దగ్గర్లో ఎక్కడున్నాయో చెబుతారు.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది రెండో తరం దగ్గర. గ్రామప్రియ గుడ్లు బాగున్నాయని వాటినే నాటు పెట్ట కింద పొదగేస్తారు. పిల్లలు పుడతాయి, ఆరోగ్యంగానే పెరుగుతాయి. కానీ సంకర రకం గుణాలు అలాగే దిగవు. ఒకటి తల్లిలా, ఒకటి మరోలా, గుడ్లు తగ్గుతాయి. ఇదొక నష్టం. దీనికంటే పెద్దది ఊరి నాటు జాతికి జరిగేది. వనరాజ పుంజు ఊళ్లో తిరిగితే కొన్నేళ్లలో ఆ ఊరి పెట్టలకు పొదిగే బుద్ధి తగ్గిపోతుంది. అప్పుడు ప్రతి పిల్లకూ హాచరీ గుమ్మం తొక్కాల్సిందే. మెరుగు రకాలు తెచ్చుకున్నవాళ్లు పుంజులను కూరకో, అమ్మకానికో పంపి, నాటు పెట్టలకు నాటు పుంజునే ఉంచాలని నేను గట్టిగా చెబుతాను. కాళస్తి, డంకి లాంటివి ఒకసారి కలిసిపోతే మళ్లీ విడదీసి తెచ్చుకోలేం.

ఇన్నేళ్లకు మా పెరట్లో కుదిరిన ఏర్పాటు ఇది. అయిదు గ్రామప్రియ పెట్టలు గుడ్ల కోసం. మూడు నాటు పెట్టలు, ఒక నాటు పుంజు. రెండేళ్లకోసారి గ్రామప్రియ పిల్లలు కొత్తగా తెస్తాం. నాటు పెట్ట పొదుగుకొచ్చి గట్టిగా కూర్చున్నాక, దాని కింద ఉత్త గుడ్లు నాలుగు ఉంచి, మూడు వారాలు నిండే రోజుకు సరిగ్గా వచ్చేట్టు హాచరీకి ముందే చెబుతాం. పిల్లలు వచ్చిన రోజు చీకటి పడేదాకా ఆగుతాం. గూడు ముందే కడిగి, సున్నం కొట్టి, కొత్త గడ్డి వేసి ఉంచుతాం, మారెక్స్ టీకా పట్టడానికి పిల్లకు వారం పది రోజులైనా శుభ్రమైన చోటు కావాలి గనక. దీపం తేకుండా, గుడ్లు తీసేస్తూ పిల్లలను ఒక్కొక్కటిగా రెక్క కిందికి జార్చాలి. పెట్ట ఒకసారి గొంతులో కొరకొరమంటుంది, రెక్క కాస్త ఎత్తి సర్దుకుంటుంది. తెల్లారేసరికి యంత్రంలో పుట్టిన పన్నెండు పిల్లలూ దాని వెనకాల గంప చుట్టూ తిరుగుతుంటాయి. అది నేల గీరి మేత చూపిస్తుంటుంది.